మెడ విషయమై సంజాయిషీ

నా మెడ నా సొంతం కాదని, అది కార్యాలయ ఆస్తి అని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు పట్టింది. దానికి తోడు ఒక కొబ్బరికాయల లారీ కూడా కావలసి వచ్చింది.

ముందు ఆఫీసు సంగతి చెప్పాలి. మాది జిల్లా సమీక్షా సమన్వయ సంస్థ. పేరు చూసి హడలిపోకండి. మిగతా శాఖల వాళ్ళు పనులు చేస్తుంటారు. చేశారా అని మేం అడుగుతాం. లేదని వాళ్ళంటారు. త్వరగా చేయాలని మేం తీర్మానం చేసి టీ తాగుతాం. అందులో నేను సూపరింటెండెంటుని, పేరు మట్టపర్తి వీర్రాజు. మా మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. డైరెక్టరుగారు చెబుతారు, మేం తల ఊపుతాం, తీర్మానం అయిపోతుంది. సంస్థ పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి, దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

అలాంటి సంస్థకి అభినవ్‌గారు డైరెక్టరుగా వచ్చారు. చిన్నవాడే, బుద్ధిమంతుడే. కాకపోతే సముద్రం ఒడ్డున ఏదో రిసార్టులో నాయకత్వ శిక్షణ ఉందంటే వెళ్ళి, వారం తర్వాత మెరిసే కళ్ళతో తిరిగొచ్చారు. వస్తూ వస్తూ ఒక కెమెరా తెచ్చారు. దాన్ని మీటింగు హాల్లో తన కుర్చీ పైన బిగించి, పక్క గోడకి పెద్ద తెర పెట్టించారు.

"మిత్రులారా!" అన్నారు. ఈ మిత్రులారా కూడా రిసార్టు నుంచి వచ్చిందే. "ఆధునిక పాలనలో ఆమోదాన్ని అంచనా వేస్తే చాలదు, కొలవాలి. ఈ యంత్రం మీలో ప్రతి ఒక్కరి శిరశ్చాలనాన్ని గమనించి, ఆమోద సూచికను ఎప్పటికప్పుడు తెర మీద ప్రదర్శిస్తుంది. తల నిలువుగా కదిలితే ఆమోదం. అడ్డంగా కదిలితే వ్యతిరేకం. నూటికి నూరు శాతం వచ్చిన తీర్మానమే చెల్లుబాటవుతుంది. ఈ విషయంలో యంత్రానిదే తుది మాట, మానవ వ్యాఖ్యానానికి తావు లేదు. అర్థమైంది కదా?"

అర్థమైందని అందరం వినయంగా తల ఊపాం. తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. వ్యతిరేకం, తొంభై నాలుగు శాతం.

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. పాపం, తప్పు యంత్రానిదీ కాదు, మాదీ కాదు. అది ఏ దేశంలో పుట్టిందో గానీ మా గోదావరి వాళ్ళ తలల్ని ఎన్నడూ చూసి ఉండదు. మేం 'అలాగేనండి' అన్నప్పుడు తల పైకీ కిందికీ ఊపం. ఈ భుజం వైపు కాస్త, ఆ భుజం వైపు కాస్త వాలుస్తాం, గాలికి కొబ్బరిమట్ట ఊగినట్టు. అందులో 'అవును' ఉంటుంది, 'చూద్దాం' ఉంటుంది, 'నీ ఖర్మ' కూడా ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. యంత్రానికి ఈ సౌకర్యం తెలియదు. మిగిలిన ఆరు శాతం ఎవరయ్యా అంటే నిద్రపోతున్న వాళ్ళు. కునుకు పడితే తల కిందికి వాలి మళ్ళీ లేస్తుంది కనుక, సంస్థకి నిజమైన మద్దతుదారులు వాళ్ళేనని యంత్రం తేల్చింది.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. కార్యాలయ ఆవరణలో తల అడ్డంగా వాల్చడం నిషేధం. సిబ్బంది యావన్మందీ రోజూ ఉదయం హాల్లో నిలబడి శిరశ్చాలన సాధన చేయాలి. డైరెక్టరుగారు "పైకి" అంటే పైకి, "కిందికి" అంటే కిందికి.

"ఏంటండీ బాబూ ఈ రోకటి పోట్లు!" అన్నారు సీనియర్ అసిస్టెంటు అచ్యుతాంబగారు నా చెవిలో. "మా అత్తగారి ముందు కూడా నేనింతలా ఊపలేదండి."

ఏమైతేనేం, సూచిక మెల్లగా పైకి పాకి నూరు దగ్గర ఆగింది. ఆ సంగతి రాజధానిలో పైవాళ్ళ దాకా వెళ్ళి, ఏడాది పొడుగునా నూరు నిలబెడితే 'సంపూర్ణ ఆమోద సంస్థ' అనే బిరుదిస్తామని కబురు వచ్చింది. డైరెక్టరుగారు ఆ బిరుదు వేలాడదీయడానికి గోడకి మేకు కూడా కొట్టించారు.

సరిగ్గా అప్పుడు నా లారీ వచ్చింది.

సాయంత్రం ఆఫీసు నుంచి ఆటోలో ఇంటికి వెళుతున్నాను. రైల్వే గేటు పడింది. మా ఆటో ఆగింది. వెనక కొబ్బరికాయల లోడుతో వస్తున్న లారీ ఆగాలనుకుంటూనే ఓ మాదిరిగా వచ్చి తగిలింది. నా తల వెనక్కి వెళ్ళి ముందుకొచ్చింది. ఆ ఊపు గనక కెమెరా ముందు ఊపి ఉంటే డైరెక్టరుగారు భుజం తట్టి ఉండేవారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. లారీ డ్రైవరు దిగొచ్చి, "ఏం కాలేదు కదండి?" అని రెండు కొబ్బరికాయలు నా ఒళ్ళో పెట్టాడు. మా ఆవిడ నాగరత్నం ఒకటి కొట్టి పచ్చడి చేసింది. ప్రమాదాలన్నీ ఇలా ఉంటే ఎంత బాగుండునని ఇద్దరం అనుకుంటూ అన్నం తిన్నాం.

పొద్దున్న చూద్దును కదా, నేను లేచాను గానీ మెడ లేవలేదు. అటు తిరగదు, ఇటు తిరగదు. తల వెనక ఎవరో శీల దిగేసి బిగిస్తున్నట్టు నొప్పి. నాగరత్నం కుడివైపు నుంచి కాఫీ ఇస్తే, అందుకోవడానికి బీరువాని తిప్పినట్టు ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది.

"నిన్న లేని నొప్పి ఇవాళెక్కడిదండీ?" అంది.

నాకేం తెలుసు! మెడికల్ షాపు వాడు చూసి, "పట్టీ వేసుకోండి గురువుగారూ, కదలకుండా ఉంటే అదే పోద్ది" అని తెల్లటి మెడపట్టీ ఒకటి అంటగట్టాడు. అది పెట్టుకుని ఆఫీసుకెళ్ళాను.

ఆ రోజు సూచిక తొంభై ఏడు దగ్గర ఆగిపోయింది. డైరెక్టరుగారు తెర వంక చూశారు, హాలు వంక చూశారు, చివరికి నా మెడ దగ్గర ఆయన చూపు నిలిచింది.

"నాకు సెలవు ఇప్పించండి సార్, మెడ కుదుటపడ్డాక వస్తాను" అన్నాను.

"అది సాధ్యం కాదు వీర్రాజుగారూ. గైర్హాజరైన తలను యంత్రం ఊపని తలగా పరిగణిస్తుంది. ఈ చారిత్రక దశలో సంస్థకు మీ తల అవసరం."

నా తల ఒకరికి అవసరమని సర్వీసులో మొదటిసారి విన్నాను. సంతోషించేలోపే మెమో వచ్చింది. 'తమరి మెడ సంస్థ లక్ష్యాలకు విరుద్ధంగా ప్రవర్తించుచున్నట్లు గమనించడమైనది. సదరు మెడపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో తెలుపుతూ సంజాయిషీ సమర్పించవలెను.' లారీ వెనక నుంచి తగిలిందనీ, నొప్పి మర్నాడు వచ్చిందనీ ఉన్నదున్నట్టు రాశాను. 'ప్రమాదము జరిగిన దినముననే రాని నొప్పిని ప్రమాద జనితముగా గుర్తించుట నిబంధనలకు లోబడి లేదు' అని తిరుగు టపాలో జవాబు. ఇంక్రిమెంటు ఆగుతుందేమోనని నాకు నిజంగానే గుబులు పట్టుకుంది.

అయితే అభినవ్‌గారు మరీ కఠినాత్ములేం కాదు. సమస్యను మూలం నుంచి ఆలోచించారు. తల ఊగడం లేదు, సరే. తల ఎక్కడుంది? మనిషి మీద. మనిషి ఎక్కడున్నాడు? కుర్చీలో. అయితే కుర్చీ ఊగితే చాలదూ! రెండు రోజుల్లో టేకు చెక్కతో ఊగే కుర్చీ ఒకటి మీటింగు హాలుకి వచ్చింది. దాన్ని వెనక నుంచి ఊపడానికి అటెండరు దొరబాబుని నియమిస్తూ ఉత్తర్వులు కూడా వచ్చాయి.

"పట్టీ మాత్రం తీయకండి" అని డైరెక్టరుగారు హెచ్చరించారు. "తల కుర్చీతో పాటు ఊగాలి, స్వతంత్రంగా ఊగకూడదు."

దొరబాబు ఊపాడు. నేను ముందుకి, వెనక్కి. సూచిక నూరు. అందరూ చప్పట్లు కొట్టారు.

"గట్టిగా ఊపుతున్నానేంటండీ?" అని దొరబాబు మధ్య మధ్యలో వంగి అడిగేవాడు. పసిపిల్లాడిని ఊపుతున్నంత శ్రద్ధ వాడికి.

వారం గడిచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయి, తలనొప్పి తగ్గడం లేదు, రాత్రి మంచమే ఊగుతున్నట్టుంది. నాగరత్నం ఇక ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని ఏరియా ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ వరండా చివర ఫిజియోథెరపీ గది ఉంది. ఒక బల్ల, గోడకి కట్టిన కప్పీ తాడు, నడక నేర్పడానికి రెండు ఇనుప కడ్డీలు, వీటన్నిటికీ కలిపి హెప్సిబా మేడం.

ఆవిడ నన్ను చూడగానే పట్టీ పట్టుకున్నారు. "ఎవరిచ్చారండీ ఇది?"

"మెడికల్ షాపు అబ్బాయండి."

"వాడికి ఫీజిచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వకండి. ఎన్నాళ్ళు బిగించి ఉంచుతారు? మెడ బిర్రబిగుసుకుపోదూ! ఇలా వెనక నుంచి తగిలితే నొప్పి చాలామందికి మర్నాడే వస్తుంది. బిగుతుంటుంది, తలనొప్పి వస్తుంది, కాస్త కళ్ళు తిరుగుతాయి. భయపడకండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, ఒక్కోరికి రెండు మూడు నెలలు కూడా పట్టొచ్చు. ఒక పూట బాగుందనిపిస్తుంది, మర్నాడు మళ్ళీ పట్టేస్తుంది. అయినా ఆపకూడదు. మామూలుగా తిరగండి, నెమ్మదిగా మెడ కదపండి. ఇంతకీ మీకు తగ్గకపోగా పెరిగిందేంటి?"

ఊగే కుర్చీ సంగతి చెప్పాను. ఆవిడ నా వెనక్కి వెళ్ళి మెడ నొక్కి చూడసాగారు. నవ్వు ఆపుకుంటున్నారో కోపం ఆపుకుంటున్నారో నాకు తెలియలేదు, తిరిగి చూద్దామంటే మెడ తిరగదు.

"ఆ కుర్చీలో ఇంకోసారి ఊగారంటే నా దగ్గరకి రాకండి" అన్నారు చివరికి. "ఇదిగో, ఇలా. నెమ్మదిగా ఎడమ వైపు తిప్పండి. ఆగండి. ఇప్పుడు కుడి వైపు. రోజుకి నాలుగైదు సార్లు చెయ్యండి. ఆఫీసులో ఉన్నా సరే, వేళ తప్పకూడదు."

పక్కన కడ్డీల మధ్య ఒకతను చెమటలు కక్కుతూ అడుగులేస్తున్నాడు. పేరు ఏసు. కొబ్బరి దింపుడు పని. చెట్టు మీంచి పడి నడుం విరిగితే, ఇక నడవడన్నారట. హెప్సిబా మేడం ఆరు నెలలుగా అతని వెంటపడి నడిపిస్తున్నారు. ఆ రోజు కడ్డీ వదిలి ఒక్క అడుగు వేశాడు. వేసి, మా అందరి వంకా చూసి పకపకా నవ్వాడు. నాకే ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి.

నేను అక్కడికి వెళ్ళొస్తూ ఉండగా మెడ కాస్త కాస్త వదులైంది. ఆఫీసులో మాత్రం పట్టీ, కుర్చీ తప్పలేదు. దొరబాబుని బతిమాలుకుంటే, ఊపీ ఊపనట్టు ఊపి నూరు తెప్పించేవాడు.

ఒక రోజు ఏసు కడ్డీ మీద ఆనుకుని అడిగాడు. "సారూ, మీది ఆ మీటింగులాఫీసేనంట కదండీ? ఈ గది ఎత్తేత్తారంట కదండీ?"

"ఎవరన్నారు?"

"ఆసుపత్రిలో అందరూ అంటన్నారండి. మేడంగారిని కూడా ఎక్కడికో పంపించేత్తారంట. మీరు కూడా ఉంటారా అండీ ఆ మీటింగులో?"

"ఉంటాను" అన్నాను.

"ఆయ్. అయితే పర్లేదండి" అని నిశ్చింతగా మళ్ళీ అడుగులేయడం మొదలుపెట్టాడు. నేను ఉంటే ఏంటంట? ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాను. ఉండి నేను చేసిందల్లా తల ఊపడమే!

ఎజెండా వచ్చింది. నిజమే. డైరెక్టరుగారు లేచి నిలబడి చదివారు. "అంశం నాలుగు. మన సంస్థ సాధించిన నూరు శాతం ఆమోదాన్ని జిల్లాలోని అన్ని శాఖలకూ విస్తరింపజేసే సదుద్దేశంతో శిరశ్చాలన శిక్షణా కేంద్రం స్థాపించాలని సంకల్పించాం. దీనికి ఏరియా ఆసుపత్రి ఫిజియోథెరపీ గది అనువైనదిగా గుర్తించాం. సదరు గదికి రోగులు వస్తూ పోతూ ఉన్నారే తప్ప స్థిరంగా ఎవరూ నివసించడం లేదు. కనుక సాంకేతికంగా అది ఖాళీ గది. రేపటి నుంచే స్వాధీనం చేసుకుంటాం. మిత్రులారా, మీ ఆమోదం!"

తలలన్నీ పైకీ కిందికీ మొదలయ్యాయి. దొరబాబు నా కుర్చీ మీద చెయ్యి వేశాడు. సూచిక తొంభై దాటింది, తొంభై ఐదు దాటింది.

నాకు భయం వేసింది. అబద్ధమెందుకు! మెమో గుర్తొచ్చింది, ఇంక్రిమెంటు గుర్తొచ్చింది. ఏసు వేసిన ఆ ఒక్క అడుగు కూడా గుర్తొచ్చింది. గోడ గడియారం చూశాను. నా వ్యాయామం వేళ అయింది. పట్టీ పట్టుకుని లాగాను. చర్రుమని ఊడింది. నెమ్మదిగా ఎడమ వైపు తిప్పాను. ఆగాను. నెమ్మదిగా కుడి వైపు తిప్పాను.

తెర ఎర్రబడింది. వ్యతిరేకం, ఒకటి. సంస్థ పుట్టాక మెలకువగా ఉన్న మనిషి కావాలని చేసిన మొదటి వ్యతిరేకం అదే.

"వీర్రాజుగారూ! ఏం చేస్తున్నారు మీరు?"

"వ్యాయామం సార్. వేళ తప్పొద్దన్నారు."

అది వ్యాయామమా, అభిప్రాయమా అని మీరడిగితే నా దగ్గర జవాబుంది. కానీ మానవ వ్యాఖ్యానానికి తావు లేదు కదా! యంత్రానిదే తుది మాట.

"దొరబాబూ, ఊపు! గట్టిగా ఊపు!"

దొరబాబు ఊపాడు. నేను ఎడమకి, కుడికి తిప్పుతూనే ఉన్నాను. తెర కాసేపు తికమకపడి, 'తల గుర్తించబడలేదు' అని చూపించింది.

"నేను నిలువుగా ఊపుతున్నానండి, ఆయన అడ్డంగా తిప్పుతున్నారండి" అన్నాడు దొరబాబు కంగారుగా. "రెండూ కలిసి గుండ్రంగా వత్తందండి సార్!" అని కుర్చీ వదిలేసి దూరంగా జరిగాడు. తెర మళ్ళీ ఎర్రబడింది.

అప్పుడు అచ్యుతాంబగారు మెడ రుద్దుకున్నారు. "నాకూ పట్టేసిందండీ, పొద్దుటి సాధన వల్ల" అంటూ తల ఈ భుజం వైపు కాస్త, ఆ భుజం వైపు కాస్త వాల్చారు. అబ్బ, ఎన్నాళ్ళయింది ఆ ఊపు చూసి! ఆవిడ పక్కాయన వాల్చాడు. అతని వెనకాయన వాల్చాడు. నెలల తరబడి బిగబట్టుకున్న తలలన్నీ ఒక్కసారి వదులయ్యాయి. హాలంతా కొబ్బరితోటలా ఊగింది. తెర మీద అంకె ఆగింది. వ్యతిరేకం, తొంభై నాలుగు శాతం. మిగతా ఆరు శాతం నిద్రలో ఉన్నారు.

"నాయకుడు ఆదర్శంగా నిలవాలి" అని అభినవ్‌గారు తానే కెమెరాకి ఎదురుగా నిలబడి తల ఊపడం మొదలుపెట్టారు. పైకి, కిందికి, పైకి, కిందికి. జుట్టు చెదిరింది, కళ్ళద్దాలు జారాయి. అంకె మాత్రం చలించలేదు. చెల్లుబాటు కాలేదు కాబట్టి అంశం సోమవారానికి వాయిదా పడింది.

"సోమవారం మళ్ళీ పెడతాను" అన్నారాయన ఆయాసపడుతూ.

"మెడ జాగ్రత్త సార్" అన్నాను. నిజంగా ఆయన మేలు కోరే అన్నాను.

"నాకేం నొప్పి లేదు."

"ఇవాళ ఉండదండి."

మర్నాడు పొద్దున్న నేను ఫిజియోథెరపీ గదిలో వ్యాయామం చేసుకుంటుంటే గుమ్మంలో ఎవరో బీరువాలా పక్కకి తిరుగుతూ లోపలికొచ్చారు. మెడకి తెల్లటి కొత్త పట్టీ. మెడికల్ షాపు అబ్బాయి బాగానే సంపాదిస్తున్నాడు.

హెప్సిబా మేడం ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎవరిచ్చారండీ ఇది?" అని మొదలుపెట్టి, నాతో చెప్పినవన్నీ మళ్ళీ చెప్పారు. కొన్ని వారాలు పట్టొచ్చు, వేళ తప్పకుండా ఇక్కడికి రావాలి, కొన్నాళ్ళు తల అలా ఊపకూడదు. అన్నీ విని అభినవ్‌గారు అలవాటు కొద్దీ తల ఊపబోయి "అమ్మా!" అన్నారు.

ఏసు అప్పటికి కడ్డీలు వదిలేసి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. స్టూలు దాకా వచ్చి ఆగాడు. "మీరు కూడా ఆ మీటింగులాఫీసేనా అండీ?"

"డైరెక్టరుగారు" అన్నాను నేను.

ఏసు మొహం విప్పారింది. "అయితే మీకు తెలుత్తాది కదండీ. సోమారం దాటాక కూడా ఈ గది ఉంటాదా అండీ?"

హెప్సిబా మేడం చేతిలో తువ్వాలు మడతపెట్టడం ఆపేశారు. అభినవ్‌గారు ఏసు కాళ్ళ వంక చూశారు, కడ్డీల వంక చూశారు. తల నిలువుగా ఊపలేరు. అడ్డంగా ఊపలేరు. మా గోదావరి పద్ధతిలో ఎటూ కాకుండా వాల్చి తప్పించుకుందామన్నా మెడ సహకరించదు. ఇక మిగిలింది నోరొక్కటే.

"ఉంటుంది" అన్నారు, చాలా మెల్లగా.

మా సంస్థలో ఒక మనిషి అవునని నోటితో చెప్పగా వినడం నాకదే మొదటిసారి.

"ఆయ్?" అన్నాడు ఏసు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని. "కాస్త గట్టిగా చెప్పండి సారూ, అవతల వరండాలో వాళ్ళకి కూడా వినపడాలి."